సంగటిలో గ్లూటెన్ లేదట!

గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే జిగురు మాంసకృత్తు. (రై అంటే చలిదేశాల ధాన్యం. కర్నూలు పాతబస్తీలో రాయీ అని అడిగితే ఇచ్చే ఆవాలు కావు.) గోధుమపిండిలో నీళ్లు పోసి పిసికితే గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు పదార్థాలు కలిసి సాగే వలలా అల్లుకుంటాయి. చపాతీ పలచగా సాగేదీ, పరోటా పొరలు విడేదీ, బ్రెడ్డు ఉబ్బేదీ ఆ వల వల్లే. జొన్నలో అది లేదు. రాగిలో లేదు. కొర్ర, సామ, ఆరిక, సజ్జ, వరి, దేంట్లోనూ లేదు. కర్నూలు, కడప జిల్లాల్లో తాతముత్తాతలు తిన్న గింజల జాబితా దాదాపు ఇదే. కాబట్టి ఇక్కడి జనం గ్లూటెన్ ఎప్పుడు మానేశారని వెతికితే తేదీ దొరకదు. ఎప్పుడు మొదలుపెట్టారని వెతకడమే తేలిక.

ఇప్పుడు ఆ గింజలే గోధుమకంకి మీద అడ్డగీత కొట్టిన బొమ్మతో, ‘గ్లూటెన్ ఫ్రీ’ అన్న ముద్రతో మెరుపు సంచుల్లో తిరిగొస్తున్నాయి. రాగిపిండి గ్లూటెన్ ఫ్రీ. కొర్రబియ్యం గ్లూటెన్ ఫ్రీ. వరిపిండికీ అదే బిరుదు. ఈ లెక్కన వంకాయను ‘బోన్‌లెస్’ అనీ, మజ్జిగను ‘ఆల్కహాల్ ఫ్రీ’ అనీ అమ్మొచ్చు. ఇంకా ఎవరికీ తట్టినట్టు లేదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రాసే కోడెక్స్ సంస్థ ఈ తెలివిని ముందే కనిపెట్టింది. పుట్టుకతోనే గ్లూటెన్ లేని పదార్థాన్ని ‘ప్రత్యేక ఆహారం’ అని చెప్పుకోకూడదనీ, ‘స్వభావరీత్యా ఇందులో గ్లూటెన్ లేదు’ అని మాత్రం రాసుకోవచ్చనీ దాని మాట. ముద్ర కొట్టేవాళ్లు ఆ వాక్యంలో మొదటి సగం చదవరు.

గ్లూటెన్ లేకపోవడం వంటింట్లో వరమేమీ కాదు, పెద్ద ఇబ్బంది. ఆ ఇబ్బందిని దాటిన నేర్పే జొన్నరొట్టె. చల్లనీళ్లతో కలిపితే జొన్నపిండి మాట వినదు, ముద్ద కట్టినట్టే కట్టి పగిలిపోతుంది. అందుకే మరిగే నీళ్లు పోస్తారు. వేడికి పిండిలోని గంజి ఉడికి, లేని జిగురును అరువు తెస్తుంది. చెయ్యి కాలుతుండగానే మర్దించి, పీట మీద పొడిపిండి చల్లి, అరచేత్తో తడుతూ గుండ్రంగా తిప్పుతారు. ఇక్కడ రొట్టె ఒత్తరు, తడతారు. ఒత్తే కర్రకు లొంగే పిండి కాదిది. అంచు పగిలితే తడివేలితో అతికించి, రెండు చేతుల మీద ఎత్తి పెనం మీద వేసి, పైన గుడ్డతో నీళ్లద్ది, తడి ఆరగానే తిప్పుతారు. కర్నూలు వీధిలో సాయంత్రం పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఇదంతా నిమిషంలో, పక్కవాళ్లతో మాట్లాడుతూ చేస్తుంది. గ్లూటెన్ బదులు శాంథన్ గమ్ అనే పొడి కలపాలని ఖరీదైన వంట తరగతుల్లో నేర్పుతారు. ఆమెకు ఉడుకునీళ్లు చాలు.

సంగటిదీ అదే కథ. నూకలు మెత్తగా ఉడికాక మీద రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి, ఉమ్మగిల్లాక కట్టెతో ఉండలు లేకుండా కెలకాలి. నూకకు రాగి అంటుకుని ముద్ద అవుతుంది. దానికి నాటుకోడి పులుసో, శెనక్కాయల ఊరుమిండో, ఏమీ లేకపోతే ఉల్లిగడ్డ, మజ్జిగో తోడు.

ఈ తిండికి గౌరవం మాత్రం ఎప్పుడూ ఒక్కలాగా లేదు. 19వ శతాబ్దంలో తవ్విన కర్నూలు–కడప కాలువ కింద వరి పండినా, మెట్టపల్లెల్లో వరన్నం పండగకో చుట్టం వచ్చినప్పుడో వండేది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక అన్నం రోజూ కుండలోకి దిగింది. ఆకలి తీరింది, మంచిదే. దాంతోపాటు సంగటి తినేవాడు వెనకబడ్డవాడన్న ముద్ర కూడా దిగింది. పెళ్లిచూపులకొచ్చిన వాళ్ల కంట పడకుండా రొట్టెలబుట్ట లోపలికి జరిగిన ఇళ్లున్నాయి. కొన్నేళ్లకు చక్కెరవ్యాధి వచ్చింది, డాక్టరు చీటీలో రాగి, జొన్న మళ్లీ కనిపించాయి. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడ్డ ఖాదర్ వలి పుణ్యమా అని సిరిధాన్యాల మాట ఇంటింటా వినబడింది, 2023లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపితే, కేంద్ర బడ్జెట్టు వాటికి ‘శ్రీ అన్న’ అని పేరు పెట్టింది. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం అప్పటికే ఎన్నో ఏళ్లుగా సూర్యనంది లాంటి కొర్ర రకాలు తయారుచేస్తూ ఉంది, కానీ విత్తనం సంచి మీద గ్లూటెన్ ప్రస్తావన ఉండదు కదా, పట్టణాల్లో ఎవరూ పట్టించుకోలేదు. గింజ అదే, చేను అదే. పేదరికానికి గుర్తుగా ఉన్న ముద్ద ఆరోగ్యానికి గుర్తుగా మారడానికి కావాల్సిందల్లా ఒక ఇంగ్లీషు ముద్ర.

ఆ ముద్ర నిజంగా ఎవరి కోసం పుట్టిందో చెప్పుకోవాలి. సీలియాక్ అనే జబ్బు ఉన్నవాళ్లు గ్లూటెన్ తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ తమ చిన్నపేగు మీదే తిరగబడుతుంది. పేగు లోపల ఆహారసారాన్ని పీల్చే నూగులాంటి పొర అరిగిపోతుంది. విరేచనాలు, రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం దాని గుర్తులు. లండన్‌లో శామ్యూల్ గీ 1888లోనే ఈ జబ్బును వర్ణించి, నయమయ్యే దారి ఉంటే అది తిండిలోనే ఉందని ఊహించాడు. ఏ తిండి అన్నది తేల్చింది విల్లెం డిక్ అనే డచ్చి పిల్లల వైద్యుడు. 1944–45 చలికాలంలో హాలెండును కరువు పట్టి రొట్టె దొరక్కపోతే ఊరంతా చిక్కిపోయింది, సీలియాక్ ఉన్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగొచ్చాక మళ్లీ జబ్బుపడ్డారు. గోధుమ మీద ఆయనకు ముందునుంచే ఉన్న అనుమానం అక్కడ గట్టిపడింది, 1950లో దాని మీద సిద్ధాంత గ్రంథం రాశాడు. మందు నేటికీ ఒక్కటే, జన్మంతా గ్లూటెన్ ముట్టకపోవడం.

ఎంతమందికి ఉంది? 2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం దేశంలో మూడు ప్రాంతాల్లో 23 వేలకు పైగా మందిని పరీక్షించింది. ఉత్తరాదిన నూటికి 1.23 మందికి సీలియాక్ ఉంటే, దక్షిణాదిన 0.10, అంటే వెయ్యికి ఒక్కరు. జన్యువుల్లో పెద్ద తేడా లేదు. జబ్బుకు వీలిచ్చే జన్యువు దక్షిణాదిలోనూ దాదాపు 36 శాతం మందిలో ఉంది. తేడా కంచంలో ఉంది. ఉత్తరాది మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే, దక్షిణాది మనిషి తినేది 25 గ్రాములు.

ఆ వెయ్యికి ఒక్కరి పేరు చెప్పుకుని తక్కిన 999 మంది చేసే తపస్సు చూడముచ్చటగా ఉంటుంది. ఫోనులో వీడియో చూసి గ్లూటెన్ మానేసిన పెద్దమనిషి ఇంట్లో చపాతీ బంద్ చేయిస్తాడు. పొద్దున టిఫినుకు బొంబాయిరవ్వ ఉప్పిండి తింటాడు. హోటలుకు పోతే పూరీ విషమని పక్కకు నెట్టి, రవ్వదోశ చెప్తాడు. బొంబాయి రవ్వ గోధుమను మరపట్టగా వచ్చేదేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇడ్లీరవ్వ బియ్యపుది, బొంబాయిరవ్వ గోధుమది. రెండూ తెల్లగా, రెండూ రవ్వ. పాయసంలో సేమియా అంటే సన్నగా తీసిన గోధుమపిండే. సాయంత్రం బండి మీద గోబీ మంచూరియా తింటే పైపూతలో మైదా, పులుసులో సోయాసాసు, మామూలు సోయాసాసులో మళ్లీ గోధుమ. రాత్రి బలానికి ఒక గ్లాసు హార్లిక్స్, అందులో గోధుమ, బార్లీ రెండూ ఉంటాయి. ఇంత చేసి నెల తర్వాత ఒళ్లు తేలికపడిందని పదిమందికీ చెప్తాడు. పడే ఉంటుంది, ఆయన మానింది టీలో అద్దుకునే అరపొట్లం బిస్కెట్లు. చక్కెరవ్యాధి కోసం మానేవాళ్లకు ఇంకో చిక్కు. గ్లూటెన్ లేని జొన్నలోనూ రాగిలోనూ పిండిపదార్థం నిక్షేపంలా ఉంది, ముద్ద మీద ముద్ద వేసుకుంటే మీటరు ఊరుకోదు.

ఈ తపస్సులో ఒక ప్రమాదం కూడా ఉంది. సీలియాక్ అనుమానం ఉన్నవాళ్లకు టీటీజీ అనే రక్తపరీక్ష, ఆపైన పేగు ముక్క పరీక్ష చేస్తారు. గోధుమ తింటున్నప్పుడు చేస్తేనే అవి నిజం చెప్తాయి. ముందే మానేసి ఆనక ఆస్పత్రికి పోతే జబ్బున్నా లేదని రావొచ్చు.

జబ్బు నిజంగా ఉన్న మనిషి కర్నూల్లో బయట తినాలనుకుంటే ఏమవుతుందన్నది అసలు విషయం. కాగితం మీద చూస్తే అతనికిది స్వర్గం. ఉగ్గాని అంటే నానబెట్టి పిండిన బొరుగులు, పప్పులపొడి, తిరగమోత, కాబట్టి గోధుమ లేదు. పక్కన మిరపకాయ బజ్జీకి శెనగపిండి, అందులోనూ లేదు. కడప ఎర్రకారం దోశకు బియ్యం, మినప్పప్పు. అయితే బజ్జీ కాగే నూనెబాణలిలోనే ఇంతకుముందు మైసూరు బజ్జీ కాగింది, దానికి మైదా. దోశ పోసిన పెనం మీద పక్కనే రవ్వదోశ. సాంబారులో ఇంగువ. ఇంగువ చెట్టు పాలలో గ్లూటెన్ లేదు గానీ, డబ్బాల్లో దొరికేది చాలామటుకు మైదాతోనో బియ్యపుపిండితోనో బంకతోనో కలిపిన ఇంగువ. ఉగాదికి ఓళిగల పైపొర మైదా అని అందరికీ తెలుసు, ఇంగువ వల్ల పులిహోరలో చిటికెడు గోధుమ ఉండొచ్చని ఎవరికీ తెలియదు. గోధుమ ఉంటే ఆ సంగతి ప్యాకెట్టు మీద చెప్పాలని 2020 నాటి లేబులు నిబంధనలున్నాయి. ఇంగువ డబ్బా చెప్తుంది కూడా, భూతద్దం ఉన్నవాళ్లకు. రాగి బిస్కెట్టు పొట్లం ముందువైపు రాగికంకి బొమ్మ, వెనకవైపు పదార్థాల వరసలో మొదటి పేరు చాలాసార్లు గోధుమపిండి. ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది రూలు కాబట్టి, అది రాగి వాసన తగిలిన గోధుమ బిస్కెట్టు.

హోటల్లో గ్లూటెన్ మాట అడిగితే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

“అన్నా, దీంట్లో గ్లూటెన్ ఉంటాదా?”

“గ్లూటనా? అట్లాంటివేమీ ఎయ్యం సార్. మా కాడ అంతా మంచి నూనె.”

సర్వరు అబద్ధం చెప్పలేదు. నిజంగానే అతను ఏదీ వెయ్యలేదు. ‘గోధుమపిండి, మైదా, రవ్వ, సేమియా తగిలితే నాకు జబ్బు చేస్తాది’ అని ఉన్నదున్నట్టు అడిగితే వంటమనిషిని పిలిచి కనుక్కొస్తాడు, కాస్త జాలిగా చూసి వేరే గిన్నెలో చట్నీ కూడా తెస్తాడు. ఇంగ్లీషు మాటకు దొరకని జవాబు పిండి పేర్లకు దొరుకుతుంది. అందుకే ఆ మనిషికి పక్కా ముద్రలున్న పెద్ద హోటలు కంటే, పిండి ఏదో కళ్లెదుటే కనబడే రొట్టెల పొయ్యి మేలు. పీట మీద చల్లే పొడిపిండి కూడా జొన్నదేనా అని ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.

ఆ జొన్నపిండి ఎక్కడ ఆడిందన్నది రెండో ప్రశ్న. ఊళ్లో పిండిమిషను ఒకటే. పొద్దున ఎవరో అయిదు కిలోల గోధుమ పోశారు, వాళ్ల వెనక జొన్నల డబ్బా వరసలో ఉంది. మిషనతను గొట్టం కింద కట్టిన గుడ్డసంచిని రెండు తట్లు తట్టి దులుపుతాడు, అంతే శుద్ధి. రాళ్ల మధ్య, సంచి మడతల్లో మిగిలిన గోధుమపిండి తర్వాతి జొన్నల్లో కలిసే వస్తుంది. భారత ఆహార భద్రతా సంస్థ లెక్క ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అనాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక టీచెంచా గోధుమపిండి మూడు గ్రాములనుకుంటే, అందులో పదోవంతు గ్లూటెన్ అనుకున్నా 300 మిల్లీగ్రాములు. అంటే ఆ చెంచాడు పిండి 15 కిలోల జొన్నపిండిని హద్దు మీదికి తెచ్చి నిలబెడుతుంది. ఇక్కడ ముద్ర అవసరం. ఇక్కడే అది ఉండదు.

తెలిసినవాళ్లు తెల్లారకముందే, గోధుమలు పడకముందే మిషను దగ్గరికి పోతారు. ముందు ఒక సేరు నూకలు పోసి ఆడించి, ఆ పిండి ఎనుముకు పెట్టి, తర్వాత తమ జొన్నలు పోయిస్తారు. చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోయిందని పూచీ లేదు. పూచీ ఇవ్వగలిగింది ఇంట్లో ఒకే గింజకు వాడే ఇసుర్రాయి. అది ఇప్పుడు పల్లెరుచుల పేరుతో పెట్టిన హోటళ్ల గుమ్మాల దగ్గర బంతిపూలు చుట్టించుకుని కూర్చుంది. లోపల వంటింటికి పిండి మిషను నుంచే వస్తుంది.