ఆయుధీకరణం: సటీకా తాత్పర్యం

మూలం: "వారు చట్టమును ఆయుధీకరించిరి." (పత్రికల్లోనూ మైకుల్లోనూ నిత్యపారాయణం.)

ప్రతిపదార్థం: వారు = ఎదుటి పార్టీవాళ్లు, ఎవరు మాట్లాడితే వాళ్లకు ఎదుటివాళ్లు; చట్టమును = నిన్నటిదాకా బీరువాలో పడి ఉన్నదానిని; ఆయుధీకరించిరి = ఆయుధం కానిదానిని ఆయుధంగా చేసిరి.

వ్యాకరణం: ఈ "ఈకరించు" వెనకున్నది సంస్కృతంలోని చ్వి ప్రత్యయం. ముందు కానిది తర్వాత అయితేనే అది చేరుతుంది. కనుక కత్తిని ఆయుధీకరించడం పొసగదు. అది పుట్టుకతోనే ఆయుధం. మరొక విశేషం, ఈ ధాతువుకు ఉత్తమ పురుష లేదు. "నేను ఆయుధీకరించితిని" అన్న నాయకుడు ఈ వ్యాఖ్యాతకు ఇంతవరకు తగల్లేదు.

ఉదాహరణం: మదనపల్లె టమోటా. 2023 జులైలో కిలో రెండొందల అంచుకు పోయినప్పుడు అది ఆయుధం కాదు, బంగారం. ధర పడిపోయి, కోతకూలి కూడా గిట్టక, రైతు క్రేట్లు ఎత్తి రోడ్డు మీద పారబోస్తే మాత్రం ఆ పొద్దు ఆయుధమే. ప్రయోగం శుద్ధం.

పుంగనూరులో 2023 ఆగస్టు 4న పార్టీల గొడవలో రాళ్లు లేచినాయి, పోలీసు వాహనాలు తగలబడినాయి. రాళ్లు ఎవరు ఎత్తినారయ్యా అంటే ఈ పక్కవాళ్లు ఆ పక్కకు, ఆ పక్కవాళ్లు ఈ పక్కకు వేలు చూపించినారు. ఉత్తమ పురుష లేదన్నది ఇందుకే. (ఆ ఊరి పొట్టి ఆవుకు కొమ్ములున్నా దాని జోలికి ఎవరూ పోలేదు.)

చిక్కంతా కుప్పంలో. 2023 జనవరి 2 నాటి జీవో 1 రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట వేసింది. కందుకూరు, గుంటూరు సభల తొక్కిసలాటల్లో 11 మంది పోయినారు కదా అని సర్కారు వాదం. రెండ్రోజులకే కుప్పం వచ్చిన అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబును పోలీసులు నిలిపినారు. చట్టాన్ని ఆయుధం చేసుకున్నారని పూర్వపక్షం. సిద్ధాంతం వేరు: జీవోకు ఆధారం 1861 పోలీసు చట్టం. 1857 తిరుగుబాటు చూసి జడిసిన దొరలు జనాన్ని అదుపులో పెట్టడానికే రాసుకున్నది. పుట్టుకతోనే ఆయుధమైనదాన్ని ఆయుధీకరించారనడం పునరుక్తి దోషం. మే 12న హైకోర్టు జీవోను కొట్టేసింది; చట్టం అట్లే ఉంది.

తాత్పర్యం: మా పక్క జనం ఇంత మాట వాడరు. "చట్టాన్ని అడ్డం పెట్టుకోని సతాయిస్తా ఉండారు" అంటారు.

సబ్ ఎడిటర్లకు మనవి: ఈ మాట రాసేముందు, ఆ వస్తువు అంతకుముందు ఏ పనికి పనికొచ్చేదో ఒక వాక్యం రాయండి. రాయడానికేమీ దొరక్కపోతే క్రియ మార్చండి.