లూపు లెక్కలు లేకుండా గట్టెక్కే చిట్కాలు

కారు బ్యాటరీ 12 వోల్టులను 5 వోల్టులకు దించే బక్ కన్వర్టర్ డిజైన్ మీ నెత్తిన పడిందా? దిగులు వద్దు. ఇలా చేసి పెందలాడే ఇల్లు చేరండి.

1. కాంపెన్సేషన్ లెక్కల జోలికి పోకండి. డేటాషీటులోని ఉదాహరణ సర్క్యూట్ విలువలు దించేయండి. వాళ్ల ఇండక్టర్ వేరు, మీది వేరు అని ఎవరైనా గొణిగితే, కంపెనీవాళ్లకన్నా మనకెక్కువ తెలుసా అని అడగండి.

2. ఫేజ్ మార్జిన్ కనీసం 45 డిగ్రీలుండాలని సీనియర్లు అంటారు. కొలిస్తేనే కదా తక్కువని తేలేది! కొలిచే ఎనలైజర్‌ను పక్క టీముకు అరువివ్వండి. మంచివాడన్న పేరు అదనం.

3. అవుట్‌పుట్‌లో 22 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్‌ను దొరికినంత చిన్న సైజులో వేయండి. వోల్టేజీ ఇవ్వగానే దాని విలువ సగానికి పడిపోవచ్చు. లెక్కలో మాత్రం 22 అనే రాయండి. రీలు మీద అదే అచ్చేసి ఉంది.

4. ఫీడ్‌బ్యాక్ ట్రాకును స్విచ్ నోడ్‌ను ఒరుసుకుంటూ లాగండి. దగ్గరి దారి. ఓవర్‌వోల్టేజ్ రక్షణ ఖర్చు తీసేయండి. ఫీడ్‌బ్యాక్ డివైడర్‌లో పై రెసిస్టర్ టంకం ఊడితే కంట్రోలర్ అవుట్‌పుట్ సున్నా అనుకుని డ్యూటీని చివరిదాకా తోస్తుంది. 5 వోల్టులడిగిన ప్రాసెసర్‌కు 12 దాకా దక్కుతాయి. అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చామని చెప్పుకోండి.

5. టెస్టింగ్ 25 డిగ్రీల ఏసీ గదిలో, కదలని 12 వోల్టుల సప్లై మీద, మారని లోడుతో కానివ్వండి. చలిలో స్టార్టర్ తిరిగితే బ్యాటరీ 6 వోల్టులకూ దిగజారొచ్చు. ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తుండగా బ్యాటరీ వైరు ఊడితే, అణిచే ఏర్పాటు లేనిచోట వోల్టేజీ 100 వోల్టుల దరిదాపులకు ఎగరొచ్చు. అవన్నీ కారులో జరిగే గొడవలు, మీ బల్ల మీద జరగవు.

6. లోడు మారగానే అవుట్‌పుట్ ఊగుతోందా? స్కోపు ప్రోబు గ్రౌండ్ సరిగా లేదనండి. వారం గడుస్తుంది. అప్పటికీ ఊగితే సాఫ్ట్‌వేర్‌వాళ్లకు మెయిల్ పెట్టండి. నెల గడుస్తుంది.

7. రోడ్డు మీద ఆగిన కార్ల నుంచి బోర్డులు తిరిగొస్తాయి. మాడినవాటికి డ్రైవర్ బ్యాటరీ తిరగేసి బిగించాడని రాయండి. మిగతావాటిని అదే ఏసీ గదిలో, అదే సప్లై మీద ఆన్ చేయండి. చక్కగా పనిచేస్తాయి. ‘లోపం కనబడలేదు’ అని ముద్ర కొట్టి, అవే కార్లకు బిగించమని పంపేయండి.