ఓ ప్రజా, 2047లో రా!

మొత్తానికి ఇద్దరు ముఖ్యమంత్రులూ విజన్ డాక్యుమెంట్లు కానిచ్చేశారు. అటు స్వర్ణాంధ్ర 2047, ఇటు తెలంగాణ రైజింగ్ 2047. వాళ్ల ఆర్థిక వ్యవస్థ లక్ష్యం 2.4 ట్రిలియన్ డాలర్లు, వీళ్లది 3 ట్రిలియన్ డాలర్లు. ఢిల్లీవారి వికసిత భారత్ ఎలాగూ ఉంది. విడిపోయిన నాటి నుంచీ ఈ రెండు రాష్ట్రాలకూ కృష్ణా నీళ్ల దగ్గర పొసగలేదు, ఆస్తుల పంపకాల దగ్గర పొసగలేదు. సంవత్సరం దగ్గర మాత్రం చక్కగా ఒక్క మాట మీదికొచ్చాయి. ‘రోజులు బాగా లేవు, ఈ మాత్రం ఆశైనా ఉండాలి కదా’ అని మా మిత్రుడొకడు నాకు హితబోధ చేశాడు. ఆ హితబోధకే నాకు ఒళ్లు మండింది.

2047 ఎందుకంటే స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండుతాయి గనక అంటారు. నాకు వేరే అనుమానం ఉంది. మోదీగారు 1950లో పుట్టారు. చంద్రబాబుగారూ 1950లోనే పుట్టారు. 2047లో ఇద్దరికీ తొంభై ఏడు. ఇద్దరూ నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను, ఆ రోజున లెక్క అడగడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. రేవంత్‌రెడ్డిగారికి అప్పటికి డెబ్బై ఎనిమిదే, ఆయన్ను అడగొచ్చు. అయితే ఈలోపు ఎన్ని ఎన్నికలు వచ్చిపోతాయో, ‘మధ్యలో వచ్చినవాళ్లు నాశనం చేశారు’ అనే జవాబు ఎన్ని చేతులు మారుతుందో.

ఈ తేదీల ఆట మనకు కొత్తా? 1999లో మెకిన్సీవారు వండి వార్చిన విజన్ 2020 గుర్తుందా? 2020 కల్లా పేదరికం ఉండదన్నారు. అంతకు ముందే కలాంగారు 2020 పేరుతో పుస్తకం కూడా రాశారు. ఆయన పిల్లల్ని కలలు కనమన్నారు, ఆయన మీద నాకు కోపం లేదు. తీరా 2020 వచ్చేనాటికి డాక్యుమెంటు మిగిలింది, అది రాసుకున్న ఉమ్మడి రాష్ట్రం మిగల్లేదు. జనం మూతికి గుడ్డ కట్టుకుని కూర్చున్నారు. బస్సుల్లేక, రైళ్లు లేక, చంకలో పిల్లతో నెత్తిన మూటతో వలస కూలీలు జాతీయ రహదారుల మీద వందల మైళ్లు నడిచారు. విజన్ 2020 ఏమైందని ఆ ఏడు ఎవరూ అడగలేదు. అడిగే ఓపిక ఎవరికుంది?

తర్వాత ఢిల్లీవారి 2022. రైతు ఆదాయం రెట్టింపు, అందరికీ ఇళ్లు. అదీ వచ్చింది, పోయింది. 2024-25కి దేశ ఆర్థిక వ్యవస్థ అయిదు ట్రిలియన్ డాలర్లన్నారు. అది ఎటు పోయిందో ఎవరూ చెప్పరు. ఈ హామీలకు గడువు అయిదేళ్లో ఏడేళ్లో ఉండేది, దొరికిపోతున్నామని తెలిశాక ఏకంగా ఇరవై ఏళ్లకు పైగా చేశారు.

మా చిన్నప్పుడు ఊళ్లో ప్రతి తలుపు పక్కనా ‘ఓ స్త్రీ రేపు రా’ అని బొగ్గుతోనో సుద్దతోనో రాసి ఉండేది. రాత్రి దెయ్యం వస్తుంది, అది చదువుతుంది, సరే రేపొద్దామని వెళ్లిపోతుంది. మర్నాడు వస్తుంది, మళ్లీ అదే చదువుతుంది. పాపం, చదువుకున్న దెయ్యం గనక మోసపోయేది. ఇప్పుడు ఆ గోడ ప్రభుత్వానిది, ఆ దెయ్యం మనం. తేడా ఏమిటంటే, అప్పుడు బొగ్గుముక్కతో అయ్యే పనికి ఇప్పుడు కన్సల్టెంట్లకు డబ్బిస్తున్నాం.

ఇక ఆ అంకెలు. స్వర్ణాంధ్రలో తలసరి ఆదాయం 42 వేల డాలర్లట. ఈనాటి మారకం రేటున చూస్తే మనిషికి నెలకు మూడు లక్షల దరిదాపు. నలుగురున్న ఇంటికి పన్నెండు లక్షలు. ఈ లెక్క నేను కాగితం మీద మూడుసార్లు వేశాను, సున్నాలు ఎక్కువ పడ్డాయేమోనని. పడలేదు. సంతోషం పట్టలేక మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లి అతనికి చెప్పాను. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు విసురుకుంటూ విన్నాడు. ‘అంతా మాకేనా సార్?’ అన్నాడు. నీ ఒక్కడికే మూడు లక్షలన్నాను. ‘అందులోంచి అయిదు వేలు ఇప్పుడు అడ్వాన్సు ఇస్తారేమో కనుక్కోండి సార్, పెద్దదానికి ఫీజు కట్టాలి’ అన్నాడు.

అతనికి సగటు అంటే ఏమిటో చెప్పాలా వద్దా అని నేను చాలాసేపు మథనపడ్డాను. ఒకాయనకు మూడు కోట్లొచ్చి తొంభైతొమ్మిది మందికి ఏమీ రాకపోయినా మనిషికి మూడు లక్షలే అవుతుందని చెబితే, నిరాశావాదిని అవుతాను. ఊరుకున్నాను.

అన్నట్టు, బంగారం పిచ్చి ఒకటి. ఒకాయన బంగారు తెలంగాణ అన్నాడు. ఇంకొకాయన స్వర్ణాంధ్ర అన్నాడు. ఆంధ్ర ప్రభుత్వపు పీ4 పథకంలో అట్టడుగున ఉన్న ఇరవై శాతం నిరుపేదలకు పెట్టిన పేరు ‘బంగారు కుటుంబాలు’. తులం లక్ష దాటాక వీళ్లింట్లో ముక్కుపుడక కూడా కుదువ కొట్లోనే ఉంది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అనే సామెతకు ఇన్నాళ్లకు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది.

పైగా ఇవన్నీ అడిగితే నెగెటివ్ మనిషి అంటారు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ కుళాయిలో మురుగు వాసనొస్తోందని ఫొటోతో సహా పెట్టింది. కింద మొదటి జవాబు, చేతులు జోడించిన బొమ్మతో: ‘ఉదయాన్నే పాజిటివ్‌గా ఆలోచిద్దాం అండీ.’ నీళ్లలో మురుగు కలిస్తే ఆలోచనలో తేనె కలుపుకోవాలి కాబోలు. పిల్లలకు విరేచనాలు మొదలయ్యాక ఆ గ్రూపంతా ఆసుపత్రుల ఫోన్ నంబర్లే.

సరే, వెటకారం చాలు. 2047లో ఈ రాష్ట్రాల్ని నడిపేది ఎవరు? ఇవాళ నాలుగేళ్ల పిల్ల. అప్పటికి దానికి పాతికేళ్లొస్తాయి. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుంది? ఏ సమ్మిట్‌లోనూ లేదు. అద్దె గదిలో నడిచే అంగన్‌వాడీలో చాప మీద కూర్చుని గుడ్డు కోసం చూస్తోంది. కుటుంబ ఆరోగ్య సర్వే 2019-20లో తేల్చింది: అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివాళ్లు ఆంధ్రలో 31 శాతం, తెలంగాణలో 33 శాతం. ముగ్గురిలో ఒకరు. రెండేళ్ల లోపు ఆగిన ఎదుగుదలను తర్వాత ఎన్ని ట్రిలియన్లు పోసినా పూర్తిగా వెనక్కి తేలేరు. దానికి గడువు 2047 కాదు, ఇవాళ మధ్యాహ్నం భోజనం వేళ.

ఆ అన్నం పెట్టే మనిషిని మనం ఎలా చూశాం? ఆంధ్రలో అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి కార్యకర్తకు ఇచ్చేది నెలకు 11,500. అది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. అప్పటి ప్రభుత్వం ఏం చేసింది? అత్యవసర సేవల చట్టం ఎస్మాను ప్రయోగించింది. అంటే ఆమె పని ఆగితే నేరమయ్యేంత అత్యవసరం, జీతం ఇచ్చేంత అత్యవసరం మాత్రం కాదు. సిగ్గుండాలి. ఆ ప్రభుత్వం పోయి ఇంకోటి వచ్చింది, మారింది పుస్తకం అట్ట మాత్రమే.

మొన్నీమధ్య ఒక అంగన్‌వాడీ కేంద్రం దగ్గర చూశాను. నిండు గర్భిణి పాల ప్యాకెట్ల కోసం వచ్చి నిలబడింది. ఆమె మొహం ఫోన్లో సరిపోలితే తప్ప సరుకివ్వడానికి లేదట. ‘ఇటు చూడమ్మా, కళ్లార్పు... మళ్లీ ఆర్పు’ అంటూ టీచరమ్మ ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి, గుమ్మంలోంచి వేపచెట్టు కిందికి సిగ్నల్ కోసం తిరుగుతోంది. లోపల పిల్లల దగ్గర ఆయమ్మ ఒక్కతే. నెలలు నిండి వాచిన మొహం పాత ఫొటోతో కలవడం లేదు. ఎక్కువమంది పిల్లల్ని కనండని ముఖ్యమంత్రి పిలుపిచ్చిన రాష్ట్రంలో, కనబోయే తల్లి మొహాన్ని ఆ రాష్ట్రపు ఫోనే గుర్తు పట్టలేదు.

ఇంతకీ ఆశ లేదా? నన్నడిగితే చాలా ఉంది. కాకపోతే ఆశావాదుల దగ్గర లేదు. నారికురుపు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. కాలి మీద బొబ్బ చితికి పురుగు తల బయటపెడితే, దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత చొప్పున లాగేవాళ్లు. తెగితే కాలు వాచిపోయేది. దేశం 1980ల మొదట్లో దాని వెంటపడింది, 1996 తర్వాత ఒక్క కేసు లేదు, 2000లో పోయిందని ధ్రువీకరణ వచ్చింది. ఎలా పోయింది? ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ‘మీ ఇంట్లో ఎవరికైనా ఉందా’ అని అడిగారు. దిగుడుబావులు మూయించారు, నీళ్లు గుడ్డతో వడకట్టించారు. అంటే జబ్బు ఎక్కడుందో వెతికి మరీ లెక్కపెట్టారు. అంతకంటే నెగెటివ్ పని ఇంకోటుంటుందా?

1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2023లో అది 25. ఎవరి పాజిటివ్ ఆలోచన వల్లా తగ్గలేదు. టీకా పెట్టె భుజాన వేసుకుని గట్ల మీద నడిచిన ఏఎన్ఎమ్మల వల్ల తగ్గింది.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. 1990ల మొదట్లో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు నాలుగక్షరాలు రాగానే మొదట చేసిన పని తమ బతుకు బాగాలేదని తేల్చుకోవడం. సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు, 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్యమే వద్దన్నారు. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు అదే రాష్ట్రంలో 99 రూపాయలకే క్వార్టర్ ఇస్తున్నామని సంబరంగా చెప్పుకుంటున్నారు. జీరో పావర్టీ చెప్పే నోటితోనే.

అందుకని విజన్ రాసే పెద్దలకు ఒక్క మనవి. ఆ నున్నటి కాగితాల పుస్తకానికి వెనక ఒక పట్టిక అతికించండి. ఏ అంగన్‌వాడీలో ఎంతమంది పిల్లలు, పోయిన నెల బరువెంత, ఈ నెల ఎంత, తగ్గితే ఏ అధికారి జవాబు చెప్పాలి, గది అద్దె ఎన్ని నెలలుగా బాకీ. ప్రతి నెలా అచ్చేసి ఊరి గోడకు అంటించండి. పుస్తకం అందం చెడిపోతుందని కన్సల్టెంట్లు అంటారు. చెడిపోనీయండి.