ఇంటిచూపుల తాతగారు

హౌరా నుండి చెన్నపట్టణమునకు బోవు రైళ్లలో కొన్ని, విశాఖపట్టణము స్టేషనులోనికి బోయి మరల వెనుదిరుగు శ్రమ తమకేలయని, అంత మహానగరమును ప్రక్కకు నెట్టి దువ్వాడలోనే యాగుచుండుట చేత ఈ యూరికి గలిగిన గౌరవము చాలదన్నట్లు, కూర్మన్నపాలెము మొదలు అగనంపూడి వరకు అపార్టుమెంట్లు లేచినవి. అవి లేచిన వెంటనే మా ఇంటిచూపుల తాతగారును లేచిరి. ఉక్కు కర్మాగారమున కడ్డీలను వంచియు సాగదీసియు పరీక్షించుటయే వృత్తిగా నుండి పదవీవిరమణ గావించిన ఆయనకు, వంచుటకు కడ్డీలు లేని కొరతను బిల్డర్లు తీర్చుచున్నారు.

ఫ్లాటు కొనదలచినవాడు బయానా యిచ్చుటకు ముందు ఆయనను వెంటబెట్టుకొని పోవును. ఫీజు పుచ్చుకొనరు. రూపాయి బిళ్లతో టైల్సును తట్టి, డొల్లమ్రోత వినబడిన చోటనెల్ల సుద్దముక్కతో సున్న చుట్టుదురు. గోళీకాయను గది నడుమ విడిచి, అది యే మూలకు పరుగెత్తునో కనిపెట్టుదురు. సెల్‌ఫోను ఛార్జరును ప్రతి ప్లగ్గునందును గ్రుచ్చి చూతురు. బిల్డరు గుమాస్తా వినయముతో కూల్‌డ్రింకు దెచ్చి యిచ్చినచో, దానిని త్రాగక స్నానాలగది మూల గుమ్మరించి, అది తూము వైపు పోవుటకు మారుగా గుమ్మము వైపు బయలుదేరుట గాంచి, "నీ డ్రింకే నిన్ను పట్టించీసింది నాయనా" యందురు.

ఆయన ప్రతిభ యంతయు గోడల యొద్ద ప్రకాశించును. నాలుగు గోడలలో నొక్కదానికి మాత్రమే క్రొత్త పెయింటు వేసి యున్నచో, "ఈ ఒక్క గోడకే పండగేటి బాబూ?" యని యడిగి, దాని వెనుకనున్న స్నానాలగది పైపుల చరిత్ర నంతయు రాబట్టుదురు. పాత యిల్లైనచో, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిననాడు ఏ కిటికీ నుండి నీరు వచ్చినదో యజమాని చెప్పి తీరవలెను. సముద్రపు గాలిలోని యుప్పు కాంక్రీటులోనికి జొరబడి కడ్డీని జేరుననియు, తుప్పుపట్టిన యినుము మునుపటి కంటె నెక్కువ చోటు నాక్రమించుట వలన స్లాబు పెచ్చులూడుననియు వివరించుదురే గాని, విశాఖ యుక్కును మాత్రము పల్లెత్తు మాట యననీయరు. "కడ్డీ తప్పు కాదు బాబూ, కవరింగు తక్కువేసీసినారు!"

కాగితముల యెడ నాయనకు ఓపిక తక్కువ. ఈ.సీ., జీవీఎంసీ ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు చూపుమని గద్దించి, మెట్లను లిఫ్టును గలిపి చెప్పిన కొలతను గాక కార్పెట్ ఏరియాను వ్రాయించి, 2016 నాటి రెరా చట్టము ప్రకారము, ఇల్లప్పగించిన యైదేండ్ల లోపల నిర్మాణలోపము తెలియవచ్చినచో ముప్పది దినములలో నుచితముగా బాగుచేయవలసినది బిల్డరేయని జ్ఞాపకము చేసి లేచెదరు. (ఈ నిబంధన నెరుగనట్లు నటించుటలో బిల్డర్లకు గల నేర్పు ఏ రంగస్థల నటునకును లేదు.)

ఇంత జరిగిన పిమ్మట కొనువాడు, "అన్నీ బాగున్నాయి గాని తాతగారూ, ఈశాన్యం పెరిగిందా, తగ్గిందా?" యని యడుగును. ఆయన యుత్తర మీయక, రూపాయి బిళ్లతో టైల్సును మరియొకసారి తట్టుదురు.

ఆయన పేరు చెప్పినంతనే తాళముచెవులు కనబడవను బిల్డరొక డున్నాడు. మొన్న నొకనాటి రాత్రి వాడే తాతగారి యింటికి రహస్యముగా వచ్చి, గాజువాకలో తాను సొంత యిల్లు కట్టుకొనుచున్నాననియు, స్లాబు వేయుటకు ముందు ఒక్కసారి వచ్చి చూడవలెననియు ప్రార్థించెను. కారణ మేమని యడుగగా, "మేస్త్రీల్ని నమ్మలేమండీ" యనెను.