ఛాతీ దెబ్బను చవగ్గా తేల్చుకునే చిట్కాలు

మజ్జి గౌరమ్మ దర్శనానికి రాయగడ వెళ్లినా, చుట్టాల పెళ్లికి కోరాపుట్ ఎక్కినా మనవాళ్లకు డబ్బూ టైమూ వృథా కాకూడదన్నదే నా తపన. వీటిని వరసగా పాటించండి. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బృహద్ధమని తన పని తాను చేసుకుపోతుంది.

1. బెల్టు బకిల్‌లో గుచ్చే క్లిప్పు కొనండి. కార్ల సామాన్ల షాపులో దొరుకుతుంది. ఇనప నాలుక ఒక్కటే ఉంటుంది, పట్టీ ఉండదు. టిక్కుమని గుచ్చగానే బండి మోత ఆగిపోతుంది, చొక్కా ఇస్త్రీ నలగదు. పోలీసు కనిపిస్తే అసలు పట్టీని భుజం మీదికి లాక్కుని చేత్తో పట్టుకోండి. వెయ్యి రూపాయల ఫైను మిగిలినట్టే. వెనక సీటులో అత్తగారికైతే బెల్టు మాటే ఎత్తకండి.

2. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు మలుపులోనే లారీని దాటండి. గుద్దుకుని బండి ఆగినా లోపల గుండె ఆగదు, ముందుకు ఊగుతుంది. ఎడమ చేతికి వెళ్లే రక్తనాళం దాటగానే బృహద్ధమని బిగిసి ఉంటుంది, ఎక్కువగా చీలేది అక్కడే. పూర్తిగా చీలితే ఇక చదవక్కర్లేదు. నూటికి ఎనభై మందికి ఆస్పత్రి మెట్లెక్కే శ్రమే ఉండదు.

3. బృహద్ధమని పైపొర ఒక్కటే మిగిలి నెత్తురును ఆపుతుంటే, అద్దం ముందు చొక్కా విప్పి చూసుకోండి. స్టీరింగ్ ముద్ర ఎర్రగా వంపు తిరిగి ఉంటుంది, చర్మం మాత్రం చిట్లదు. చుక్క నెత్తురు లేదంటే దెబ్బ లేనట్టే. వీపు నొప్పికి బామ్ రాసుకుని పొట్టంగిలో టీ తాగండి.

4. ఇంట్లోవాళ్లు కోరాపుట్ షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీకి లాక్కెళితే, బాత్రూంలో జారిపడ్డానని చెప్పండి. యాక్సిడెంటని తెలిస్తే ఎక్స్‌రేలో గుండె పైన నీడ వెడల్పయిందేమో చూస్తారు, రంగు మందు ఎక్కించి సీటీ తీస్తామంటారు. రోడ్డు ప్రమాదాలకు 2025లో కేంద్రం తెచ్చిన పథకంలో ఏడు రోజులపాటు లక్షన్నర దాకా వైద్యం ఉచితమే. కానీ పోలీసులకు చెప్పాలి కదా, వదిలేయండి.

5. బీపీ పై అంకె 120 దాటకుండా, నాడి నెమ్మదించేలా డ్రిప్పు పెడతారు. చీలిన గోడ మీద ఒత్తిడి తగ్గించే మందు అది. "నాకసలు బీపీయే లేదు" అని సూది పీకేయండి. లేచి తిరగండి. బిల్లు విషయంలో బావమరిది మీద గట్టిగా అరవండి.

6. తొడ దగ్గరి రక్తనాళంలోంచి స్టెంట్ పంపి చీలిక మూసే పెద్దాసుపత్రికి, విశాఖకు రాస్తారు. డ్రిప్పూ నర్సూ ఉన్న అంబులెన్సు ఎందుకు? మా ఇష్టంతోనే వెళ్తున్నామని సంతకం పెట్టి మేనమామ బొలేరో ఎక్కండి. ముందు సీటులో క్లిప్పు గుచ్చే ఉంటుంది. గతుకుల్లో దగ్గొస్తే ఆపుకోకండి. సాలూరు దిగేసరికి మామయ్య మీ ఇంటికి ఫోన్ చేస్తాడు. విశాఖలో మంచం అక్కర్లేదు, స్టెంట్ ఖర్చూ మిగిలింది.