స్విఫ్టుకు సంజీవనీ వ్యాఖ్య

మూలం: "స్టాకుగా వచ్చిన స్విఫ్టును స్టాకుగా ఉంచరాదు. స్టేజి వన్‌తో ఆరంభించి, పదిహేడంగుళాల అల్లాయిలెక్కించి, స్ప్రింగులు దించి, ఎగ్జాస్టు మార్చవలెను. బ్రేకులు తర్వాత చూతము."

అవతారిక: మా అపార్టుమెంటు మూడో ఫ్లోరు కుర్రవాడు 2018 మోడల్ పెట్రోలు స్విఫ్టును సెకండ్‌హ్యాండులో కొని, దానికి 'ప్రాజెక్ట్ కార్' అని నామకరణం చేసి, సెల్లారులో నాకు చేసిన ఉపదేశమిది. గ్రాంథికం నాది, గాంభీర్యం మాత్రం అచ్చంగా అతనిదే. ప్రాజెక్టు అంటే మా తరానికి నాగార్జునసాగరం. 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు. ఇక్కడ వారానికో శంకుస్థాపన జరుగుతోంది, నీళ్ల జాడ లేదు. దుర్వ్యాఖ్యల విషానికి మూర్ఛిల్లిన కాళిదాసు వాక్కును లేపడానికి మన మెదక్ సీమ మల్లినాథసూరి సంజీవని రాశాడు. ఇక్కడ మూర్ఛపోబోయేది బండి కనుక నేను కాస్త ముందుగానే రాస్తున్నాను.

ప్రతిపదార్థం: 'స్టాకు' సుగమం, వదిలేస్తున్నాను. 'స్టేజి వన్' అనగా ఇంజిన్‌ను నడిపించే ఈసీయూలోని లెక్కలు తిరగరాయించి, ఎయిర్ ఫిల్టరు మార్చడం. టర్బో ఉన్న డీజిలు బండిలో బూస్టు పెంచవచ్చు గనక అక్కడ ఈ మాటకు అర్థముంది. ఇది 1197 సీసీ, టర్బో లేని పెట్రోలు ఇంజిన్. పీల్చగలిగినంత గాలే పీలుస్తుంది. ఎంత దిద్దినా పెరిగే ఆ కాస్త బలం ఏసీ నొక్కగానే సరి.

'పదిహేడంగుళాలు': ఇక్కడ ఆగాలి. ఈ బండి పై వేరియంట్లకు కంపెనీ ఇచ్చిన టైరు 185/65 ఆర్15. ఎవరూ చదవరు గానీ, చదవదగిన పాదం. 185 వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 ఆ వెడల్పులో శాతం. అంటే టైరు పక్కగోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు. 15 రిమ్ము వ్యాసం, అంగుళాలలో. ఒకే పాదంలో మీటరూ, శాతమూ, అంగుళమూ! మణిప్రవాళానికి ఇంతకంటే ఉదాహరణ దొరకదు. ఆ వెనక 88 ఉంటే టైరొక్కటికి 560 కిలోలు మోసే శక్తి. చివరి అక్షరం వేగానిది. ఎస్ అంటే 180 కిలోమీటర్లు, టి 190, యు 200. తర్వాత వి రావాలి కదా? రాదు. ఎప్పుడో వెనకబడిపోయిన హెచ్ వచ్చి 210 దగ్గర కూర్చుంటుంది, వి 240కి జరుగుతుంది. హెచ్ ప్రక్షిప్తమని తొందరపడి తేల్చేవాళ్లుంటారు. కాదు. ప్రాచీన పాఠం ఎస్, హెచ్, వి మాత్రమే. తర్వాత వచ్చి మధ్యలో దూరినవి టి, యులు. తాళపత్రంలో ఇలాంటిది బయటపడి ఉంటే రెండు పండిత కుటుంబాలకు మూడు తరాలు మాటలుండేవి కావు.

కుర్రవాణ్ణి మరిచాను. అతను కోరేది 205/45 ఆర్17. చక్రం మొత్తం వ్యాసంలో తేడా 5 మిల్లీమీటర్లే. స్పీడోమీటరు పెద్దగా అబద్ధమాడదు, అంతవరకు లెక్క బాగానే కట్టాడు. కానీ పక్కగోడ 120 నుంచి 92కు పడిపోయింది. పోయిన ఆ 28 మిల్లీమీటర్ల రబ్బరే గుంతకూ రిమ్ముకూ మధ్య నిలబడేది.

'స్ప్రింగులు దించి': 163 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సులో 40 తీసేస్తే 123. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. దాన్ని ఒంటరిగా వెళ్తే దాటవచ్చు. మా వీధి చివరి బ్రేకరును కట్టినవాడు ఆ శాస్త్రం చదవలేదు. స్టాకు బండ్లు గీకిన తెల్లటి చారలే దాని నెత్తిన విభూతిరేఖల్లా ఉన్నాయి.

'ఎగ్జాస్టు మార్చి': ప్రణాళిక మొత్తంలో ముందుగా అమలైంది ఇదే. దీనికి వ్యాఖ్య రాయను. రాత్రి పదకొండున్నరకు సెల్లారులో బండి స్టార్టు చేసి, ఎక్కడికీ కదలకుండా రేజ్ చేస్తాడు. ఫస్ట్ ఫ్లోరులో నెలల పిల్లాడు ఉలిక్కిపడి లేస్తాడు. తల్లి వాణ్ణి భుజాన వేసుకుని బాల్కనీలో తిరుగుతూ ఉంటుంది, అర్ధరాత్రి దాటేదాకా. దీన్ని ధ్వని అని ఆనందవర్ధనుడు కూడా ఒప్పుకోడు. వ్యంగ్యమనేది బొత్తిగా లేదు, అంతా వాచ్యమే.

పూర్వపక్షం: "నా బండి, నా ఇష్టం అంకుల్."

సిద్ధాంతం: 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మూలంలో మార్పులు నాలుగు.

'బ్రేకులు తర్వాత చూతము': ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, పాత ఓనరు వేయించిన ప్యాడ్లు. 'తర్వాత' అనగా దేని తర్వాత? డబ్బు చేతికొచ్చాకనా, చౌరస్తా దాటాకనా? మూలం మౌనంగా ఉంది కనుక మూలకర్తనే అడిగాను.

"ఎందుకు చూడనంకుల్, అల్లాయి సందుల్లోంచి అవే కదా కనబడేది!" అని డిక్కీ తెరిచి స్ప్రే డబ్బా తీసి చూపించాడు. కాలిపర్లకు ఎర్ర రంగట. మిగిలితే డ్రమ్ములకు కూడా వేస్తాడట.