చంకలో థర్మామీటరు

మా చిన్నక్క మియాపూర్‌లో ఉంటుంది. ఎనిమిది నెలలుగా కాండిడాతో కలిసి ఉంటోంది. మా బావ కూడా ఆ ఫ్లాటులోనే ఉంటాడు గానీ ఆయన మాట ఎవరూ ఎత్తరు.

మొన్న తెల్లవారుజామున బస్సు దిగి నేరుగా వాళ్ళింటికి వెళ్తే, బావ తలుపు తీసి పెదాల మీద వేలు పెట్టాడు. లోపల అక్క మంచం మీద కదలకుండా పడుకుని ఉంది. చంకలో థర్మామీటరు. మాట్లాడితే ఒళ్ళు వేడెక్కి లెక్క తప్పుతుందట. పోయినవాళ్ళకైతే రెండు నిమిషాల మౌనం చాలు, కాండిడాకి పది. గడువు అయ్యాక అక్క థర్మామీటరు తీసి, లైటు కింద తిప్పి తిప్పి చూసి, "96.9" అంది. నోట్‌బుక్కులో రాసుకుంది. ఆ గొంతులో దిగులు కంటే గెలుపే ఎక్కువ వినిపించింది నాకు.

ఒంట్లో వేడితో మన జాతికి తగువు ఈనాటిది కాదు. మామిడిపండు వేడి, కోడిగుడ్డు వేడి, రాత్రి మేలుకుంటే వేడి. మజ్జిగా, సబ్జా గింజలూ, బార్లీ నీళ్ళూ పోసి అందర్నీ చల్లార్చడంలోనే మా అమ్మమ్మ జీవితం గడిచిపోయింది. థర్మామీటరు ఒప్పుకోకపోతే ఆవిడ దగ్గర లోజ్వరం అనే బ్రహ్మాస్త్రం ఉండేది. బయటికి కనపడదు, లోపల్లోపల కాగుతుంది. ఆ అమ్మమ్మ మనవరాలు ఇవాళ ఒంట్లో వేడి చాలడం లేదని వాపోతోంది. వంశం చల్లబడింది.

అక్కకి ఈ జ్ఞానం ఒక హెల్త్ కోచ్ ద్వారా వచ్చింది. ఆ కోచ్ డల్లాస్‌లో ఉన్న మా మేనకోడలి ద్వారా వచ్చింది. మూడు నెలల ప్యాకేజీ 36,000 రూపాయలు, గోలీలు అదనం. సిద్ధాంతం ఏమిటంటే, పేగుల్లో కాండిడా అనే బూజు పెరిగిపోయింది. అలసట దాని పనే. మతిమరుపూ, కీళ్ళనొప్పులూ, కడుపుబ్బరం, చిరాకు, తీపి మీద యావ, అన్నీ దాని పనే. ఒళ్ళు చల్లబడటమూ దాని పనే; అలా చల్లబడ్డ ఒంట్లో అది ఇంకా పెరుగుతుంది. అక్క అత్తగారు బతికున్నంతకాలం ఇంట్లో ఏది జరిగినా కోడలి పనే అనేది. ఆవిడ పోయాక ఆ ఖాళీ ఇప్పటికి భర్తీ అయింది.

ముందు ఆ ప్రాణికి న్యాయం చేయాలి. కాండిడా ఆల్బికాన్స్ ఈస్ట్ జాతికి చెందిన శిలీంధ్రం. ఆరోగ్యంగా తిరిగే చాలామంది నోట్లో, పేగుల్లో అద్దె కట్టకుండా కాపురం ఉంటుంది, ఇంటివాడికి తెలియనివ్వదు. పేరులో మొదటి మాటకీ లాటిన్‌లో తెలుపనే అర్థం, రెండో మాటకీ తెలుపే. తెల్లనిదై తెల్లబోయేది అనుకోవచ్చు. ఎన్నికల్లో నిలబడేవాణ్ణి క్యాండిడేట్ అనడం కూడా ఆ మాట నుంచే వచ్చింది. రోములో పదవులకి పోటీ చేసేవాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని తిరిగేవాళ్ళు. మామూలు రోజుల్లో అయిపు లేకుండా ఉండి, అదను దొరకగానే నోరంతా పరుచుకునే గుణం ఇద్దరికీ ఉంది కాబట్టి ఆ చుట్టరికాన్ని నేను కాదనను.

అదను దొరికితే అది చేసే చెరుపు చిన్నదేం కాదు. పసిపిల్లల నాలుక మీద తెల్లపూత, ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించని ఆస్తమావాళ్ళ గొంతులో పూత, షుగరు అదుపు తప్పినవాళ్ళకి ఒంటి మడతల్లో దురద, యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక ఆడవాళ్ళు ఎవరితోనూ చెప్పుకోలేక పడే బాధ, అన్నీ నిజమే. వాటికి మందులున్నాయి. ఐసీయూలో పడుకున్న మనిషి రక్తంలోకి ఎక్కితే ప్రాణమే తీస్తుంది. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవిలో దొరికిందని బయటపెట్టిన కాండిడా ఆరిస్ మందులకి లొంగక, మన దేశంలోనూ ఐసీయూ డాక్టర్లు తల పట్టుకునేలా చేస్తోంది. ఆ రోగులెవరూ తెల్లారి లేచి నోట్‌బుక్కులో అంకెలు రాసుకోరు. వాళ్ళకి కోచ్‌లు ఉండరు.

కోచ్‌లున్న కాండిడా వేరు. పరీక్షకి దొరకదు, డాక్టరుకి కనపడదు. దానికి పురుడు పోసింది అమెరికాలో, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్ ఊళ్ళో, ఓరియన్ ట్రస్ అనే డాక్టరు, 1970ల చివర్లో. టెన్నెసీలో పిల్లల డాక్టరు విలియం క్రుక్ 1983లో 'ది యీస్ట్ కనెక్షన్' అనే పుస్తకం రాసి దానికి బారసాల చేశాడు. ఆ పుస్తకంతో పాటు ఒక ప్రశ్నపత్రం పుట్టింది. అక్క నా చేత కూడా రాయించింది. తీపి తినాలనిపిస్తుందా? 10 మార్కులు. సిగరెట్ పొగ బొత్తిగా పడదా? 10. ముసురు పట్టినా, ఉక్కపోసినా బాధ ఎక్కువవుతుందా? 20. (ఈ ప్రశ్న కాకినాడలో అడిగితే ఊరు ఊరంతా పాస్.) ఆడవాళ్ళకి 180 దాటినా, మగవాళ్ళకి 140 దాటినా కాండిడా ఉన్నట్టే లెక్క. నాకు 152 వచ్చాయి. ఇంటర్ ఫస్టియర్లో లెక్కలు రెండు పేపర్లూ కలిపినా 150కే పెట్టేవాళ్ళు.

అమెరికా అలర్జీ డాక్టర్ల అకాడమీ 1986లోనే ఈ పద్దు తిరగేసి, ఈ లక్షణాలు ఏ రోగానికైనా, ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు ఉండేవేననీ, సిద్ధాంతం ఊహే తప్ప రుజువు లేదనీ తేల్చింది. 1990లో ఇంకో అడుగు పడింది. అదే బర్మింగ్‌హామ్‌లో యూనివర్సిటీ డాక్టర్లు 42 మంది ఆడవాళ్ళని తీసుకుని, ఎవరికి ఏది ఇస్తున్నామో వాళ్ళకీ తెలియకుండా, ఇచ్చేవాళ్ళకీ తెలియకుండా, కొన్నాళ్ళు నిస్టాటిన్ అనే శిలీంధ్రాల మందూ కొన్నాళ్ళు ఉత్త గోలీలూ ఇచ్చారు. యోని ఇన్ఫెక్షన్‌కి మందు పనిచేసింది, అది దాని ఉద్యోగం. అలసటా దిగులూ మాత్రం ఉత్త గోలీకి ఎంత తగ్గాయో మందుకీ అంతే తగ్గాయి. 1966లో ఫ్లారెన్స్ నగరాన్ని వరద ముంచెత్తినప్పుడు కళాఖండాలకి పట్టిన బూజుని వదిలించింది ఈ నిస్టాటినే. ట్రస్‌గారి సిద్ధాంతానికి పట్టినదాన్ని మాత్రం అదీ వదిలించలేకపోయింది.

ఇక థర్మామీటరు. 98.6 అనే అంకెని లోకానికి అంటగట్టినవాడు లీప్‌జిగ్ డాక్టరు కార్ల్ వుండర్లిష్. దాదాపు పాతికవేల మంది రోగుల చంకల్లో అడుగు పొడుగు థర్మామీటర్లు పెట్టి 1868లో పుస్తకం వేశాడు. ఆయన నాటి థర్మామీటరొకటి దాచి ఉంటే తర్వాత ఎవరో పరీక్షించారు. అది ఒకటిన్నర డిగ్రీ సెల్సియస్‌కి పైగా ఎక్కువ చూపిస్తోంది. 1992లో మేరీలాండ్‌లో 148 మంది ఆరోగ్యవంతుల నోట్లో పెట్టి చూస్తే సగటు 98.2 తేలింది. పైగా ఒంటి వేడి రోజంతా ఒకటే ఉండదు. సాయంత్రం పెరిగి తెల్లవారుజాముకి అడుగంటుతుంది. చంకలో నోట్లోకంటే ఇంకా తక్కువ. మా అక్క కొలిచేది తెల్లవారుజామున, చంకలో, పోల్చేది 98.6తో. పొట్టివాణ్ణి గోతిలో నిలబెట్టి, పక్కన మిద్దె ఎక్కినవాడితో పోల్చి, ఎత్తు చాలలేదని ప్యాకేజీ అమ్మినట్టుంది.

ఈ చంక వైద్యానికీ పెద్దలున్నారు. బ్రోడా బార్న్స్ అనే డాక్టరు, పొద్దున్నే చంకలో 97.8 లేకపోతే థైరాయిడ్ లోపమేనని 1976లో పుస్తకం రాశాడు. ఆ తర్వాత ఫ్లోరిడాలో డెనిస్ విల్సన్ వచ్చి, 98.6 లేని ఒంటికి ఏకంగా తన పేరే పెట్టుకుని విల్సన్ సిండ్రోమ్ అన్నాడు. థైరాయిడ్ హార్మోన్ గోలీలు మోతాదు పెంచుకుంటూ మింగమన్నాడు. 1988లో ఒకావిడ గుండె లయ తప్పి చనిపోయింది. 1992లో రాష్ట్ర వైద్యమండలి ఆయన లైసెన్సుని ఆరు నెలలు ఆపింది. ఆ పాత దుకాణాల్లో మిగిలిన సరుకునే ఇప్పుడు కాండిడా కొట్లో కొత్త అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. అన్నట్టు, కాండిడాకి మన ఒంట్లో 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా పెరగడం వచ్చు. అర డిగ్రీ తగ్గిందని పండగ చేసుకోవాల్సిన అవసరం దానికి లేదు.

వంటింట్లోకి వెళ్ళాను. ఇడ్లీ పాత్ర అటక ఎక్కింది. పులిసినవి నిషేధం, కాబట్టి ఇడ్లీ, దోసె, పుల్లట్టు, పెరుగు పోయాయి. తీపి నిషేధం, కాబట్టి అరటిపండూ బెల్లమూ పోయాయి. పిండిపదార్థం నిషేధం, కాబట్టి అన్నం పోయింది. పుట్టగొడుగులు ఎలాగూ వాళ్ళింట్లో తినరు. వాటిని మానేసిన ఘనత ఉచితంగా దక్కింది. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి ఉంది, తద్దినం నాటి దేవుడి గదిలా. నేను ఊరుకోలేక, "అక్కా, ఇడ్లీ పిండిని పొంగించేది ముఖ్యంగా బ్యాక్టీరియా. ఒకవేళ ఈస్ట్ ఉన్నా అది కాండిడా కాదు, ఆవిరికి అదీ చచ్చే ఊరుకుంటుంది" అన్నాను. "నీకు తెలీదురా, పులుపు పులుపుని పిలుస్తుంది" అంది. చక్కెర సంగతి కూడా చెప్పాను. జర్మనీలో 28 మంది ఆరోగ్యవంతులకి చక్కెర దండిగా తినిపించి చూసి 1999లో రాశారు. పేగుల్లో కాండిడా చెప్పుకోదగ్గంత పెరగలేదు. చక్కెర చాలావరకు చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తుంది, కింద కాచుక్కూచున్నదానికి మిగిలేది తక్కువ. "జర్మనీ వాళ్ళ పేగులు వేరు" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు అక్క తిన్నది నేను రాసుకున్నాను. పొద్దున దోసకాయ ముక్కలు, కొబ్బరినూనె ఒక చెంచా, గోలీలు తొమ్మిది. మధ్యాహ్నం ఉప్పు లేని బీరకాయ కూర, ఉడికించిన గుడ్డు. రాత్రి సొరకాయ సూప్. ఎంత ఉదారంగా లెక్కేసినా 900 కేలరీలు దాటలేదు.

1945లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళని, వాళ్ళ ఇష్టపూర్వకంగానే, ఆరు నెలలు అరకడుపున ఉంచాడు. యుద్ధంలో తిండి లేక మాడిన జనాన్ని మళ్ళీ మనుషుల్ని చేయడమెలాగో తెలుసుకోవడానికి. రోజుకి 1,600 కేలరీలకి అటూ ఇటూ. ఏమైంది? ఒళ్ళు చల్లబడింది. ఎండాకాలంలో దుప్పట్లు అడిగారు. నీరసం, చిరాకు, దేని మీదా మనసు నిలవకపోవడం, నిద్రలోనూ మెలకువలోనూ తిండి ధ్యాస. తిండి తగ్గితే ఒళ్ళు పొయ్యి తగ్గించుకుంటుంది. థైరాయిడ్ హార్మోన్లలో చురుకైన టీ3 పడిపోతుంది. లంఖణం పరమౌషధం అన్న మనవాళ్ళు కూడా జ్వరం వచ్చినవాణ్ణే లంఖణం చేయమన్నారు. జ్వరం లేదని లంఖణం పెట్టమని ఎవరూ అనలేదు.

ఇప్పుడు అక్క నోట్‌బుక్కు మొదటి పేజీ చూడండి. ప్యాకేజీ మొదలైన రోజు 97.5. ఎనిమిది నెలలు కడుపు మాడ్చుకున్నాక 96.9. కోచ్ దీన్ని చూసి ఏమంది? కాండిడా మొండిది, పథ్యం ఇంకా గట్టిగా చేయాలంది. బీరకాయలో ఉప్పు పోయింది అప్పుడే. అన్నం మానిస్తే ఒళ్ళు చల్లబడుతుంది, ఒళ్ళు చల్లబడితే కాండిడా ఉన్నట్టు, కాండిడా ఉంటే అన్నం మానాలి. గానుగెద్దుకైనా సాయంత్రం కట్టు విప్పుతారు.

మధ్యలో పదిహేను రోజులు అక్కకి వాంతులూ తలనొప్పీ వచ్చాయట. భయపడి ఫోన్ చేస్తే కోచ్ అభినందనలు చెప్పింది. కాండిడా చచ్చిపోతూ విషం కక్కుతోందట, దాన్ని హెర్క్స్‌హైమర్ రియాక్షన్ అంటారట. ఆ పేరు గల రియాక్షన్ నిజంగా ఉంది. సిఫిలిస్‌కి మందు పడ్డప్పుడు కొందరికి ఒకరోజు జ్వరం, వణుకు వస్తాయి. సిఫిలిస్ నుంచి అరువు తెచ్చిన మాటని మా అక్కకి బిరుదులా తొడిగారు. బాగుంటే మందు పనిచేస్తున్నట్టు, బాగాలేకపోతే ఇంకా బాగా పనిచేస్తున్నట్టు. మా ఊళ్ళో సోదె చెప్పే ముసలమ్మ కూడా ఇంత ధైర్యం చేసేది కాదు. ఆవిడ పదిలో రెండు తప్పుతాయని ముందే చెప్పేది.

అక్కకి అలసట లేదని నేననడం లేదు. యాభై నాలుగేళ్ళు. ముప్పయ్యేళ్ళుగా తెల్లారి అయిదింటికి లేచి ఇంటిల్లిపాదికీ వండిన చేతులు. "హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, షుగరు చూపించుకో, వెయ్యి రూపాయల్లో తేలిపోతుంది" అన్నాను. మామూలు ల్యాబుల్లో కాండిడా దొరకదని కోచ్ ముందే చెప్పిందట. దానికి వేరే పరీక్ష ఉంది: పొద్దున్నే గ్లాసు నీళ్ళలో ఉమ్మి వేసి, తీగలు సాగుతున్నాయేమో చూడాలి. గ్లాసు కిటికీలో ఉంది. తీగలు సాగుతున్నాయి. ఉమ్మి కదా.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లవారుజామున, నియమం తప్పకుండా, నిద్ర లేవకముందే, మాట్లాడకముందే, గాఢనిద్రలో ఉన్న బావ చంకలో థర్మామీటరు పెట్టాను. ముందు రోజు సాయంత్రం పాలపాకెట్ నెపంతో కిందికి వెళ్ళి టిఫిన్ సెంటర్లో రెండు నెయ్యి దోసెలు లాగించి వచ్చిన మనిషి. పది నిమిషాలు గురక వింటూ కూర్చున్నాను. 96.6.

అక్కకి చూపించాను. కళ్ళజోడు తెచ్చుకుని రెండుసార్లు చూసింది. తర్వాత నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పి, పైన బావ పేరు రాసి, ఆయన్ని తట్టి లేపింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు దాచారండీ?" అంది.